నీరా హలాలే, గడియారం చూసుకుంటే!



జపాన్‌లో నౌకరీ చేస్తున్న మా భాంజా మొన్న ఫోన్‌లో ఒక మసలా అడిగాడు. "మామూ, ఇక్కడ అమజాకే అని బియ్యంతో చేసిన తియ్యటి పానీయం తాగుతారు. పేరులోనే సాకే ఉంది. సాకే అంటే షరాబ్ కదా, మరి ఇది తాగొచ్చా?" వివరం కూడా వాడే చెప్పాడు. అందులో రెండు రకాలున్నాయి. బియ్యానికి కోజీ అనే బూజు పట్టించి చేసేదాంట్లో నషా ఉండదు. సాకే పిండగా మిగిలిన పిప్పితో చేసేదాంట్లో ఎంతోకొంత ఆల్కహాల్ ఉంటుంది. రెండింటికీ పేరు ఒకటే. డబ్బా మీద రాసింది చదివితేనే ఫరక్ తెలుస్తుంది.

"మొదటిది తాగు, రెండోది ముట్టకు బేటా" అన్నాను. ఫోన్ పెట్టేశాక అనిపించింది, ఇదే మసలా మన సిద్దిపేటలో తాటిచెట్టు కింద ఎప్పటి నుంచో ఉంది కదా అని.

మన ఇళ్లలో నీరా మాటెత్తితే రెండు జట్లు అవుతాయి. "తాటిచెట్టు నుంచి కారేదంతా హరామ్, ఆ వైపు పోవద్దు" అంటారు బుజుర్గులు. "చెట్టు నుంచి వచ్చిందే కదా, కాస్త పులిస్తే ఏమైంది" అంటారు నౌజవాన్లు. ఇద్దరిదీ తప్పే అని నా అభిప్రాయం.

కిందటి ఎండాకాలం ఫజర్ నమాజ్ అయ్యాక ఊరి బయటి తాటివనానికి పోయాను. గౌడన్న నాకు పాత దోస్తు. ముందు రోజు సాయంత్రమే కొత్త లొట్టికి లోపల సున్నం పూసి కట్టాడు. సూర్యుడు రాకముందే దించి ఇచ్చాడు. తాటి నీరా చిక్కగా ఉంది, తాటిబెల్లం వాసన, చివర్లో నాలుక మీద కొంచెం సున్నం రుచి. పక్కనే ఈత నీరా. అది పలుచన, తీపి మెత్తగా ఉంది, గొంతులో నీళ్లలా జారింది. నా జబాన్‌కి ఈతదే నచ్చింది. మా బేగమ్‌కి తాటిదే ఇష్టం.

ఇంకో లొట్టి కూడా ఉంది. నిన్న కల్లు పోసిన పాతది, సున్నం లేనిది. అదే చెట్టు, అదే రాత్రి. కానీ అంచున తెల్లటి నురగ, ముక్కుకి పులుపు తగిలింది. గ్లాసు కింద పెట్టేశాను. పాత కుండలో మిగిలిన ఈస్ట్ రాత్రంతా తీపిని తినేసింది. ఎండ ఎక్కితే సున్నం పూసిన కుండలో నీరా కూడా ఎక్కువ సేపు ఆగదు. పూర్తిగా పులిసిన కల్లులో ఆల్కహాల్ 4-5 శాతం దాకా పోతుంది, అంటే బీరుతో సమానం.

దీన్‌లో ఇది కొత్త విషయం కాదు. ఖజూర్‌నూ ఎండుద్రాక్షనూ నీళ్లలో నానబెట్టిన నబీజ్‌ను మన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం తాగేవారు. పొద్దున నానబెట్టింది రాత్రికి, రాత్రి నానబెట్టింది పొద్దునకి తాగేవారని హజ్రత్ ఆయెషా రజియల్లాహు అన్హా రివాయత్ సహీ ముస్లింలో ఉంది. మూడో రోజు దాటితే ఆయన దాన్ని తాగేవారు కాదు. సొరకాయ బుర్రల్లో, తారు పూసిన కుండల్లో, ఖజూర్ మొద్దు తొలిచిన పాత్రల్లో నబీజ్ చేయడాన్ని మొదట మనా చేశారు, తర్వాత నషా ఇచ్చేది తాగకూడదన్న షరతుతో ఇజాజత్ ఇచ్చారు. అలాంటి పాత్రల్లో తొందరగా పులుస్తుందని ఉలమా వివరిస్తారు. అంటే కుండా చూశారు, టైమూ చూశారు. చెట్టును మాత్రం హరామ్ అనలేదు.

అదే నీరా కల్లయితే హరామ్. ఆ కల్లే ఇంకా పులిసి తనంతట తాను సిర్కా అయిపోతే మళ్లీ హలాల్. చెట్టు ఒక్కటే, హుకుమ్ రెండుసార్లు మారింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నేనే ఒకప్పుడు నా నఫ్స్‌ను మోసం చేసుకున్నాను. పదహారేళ్ల వయసులో దోస్తులతో పది గంటలకి "నీరా" తాగి ఇంటికొచ్చాను. అబ్బా దగ్గరకి పిలిచి నోరు వాసన చూశారు. కొట్టలేదు, తిట్టలేదు. "దీనికి నీరా అని పేరు పెట్టింది ఎవరు బేటా, నువ్వా, గౌడ్ సాబా?" అన్నారు. పెట్టింది నేనే. గౌడ్ సాబ్ కల్లు అనే చెప్పి పోశాడు. ఆ సవాల్ ఇప్పటికీ చెవిలో ఉంది. ఎక్కువ తాగితే నషా ఇచ్చేది కొంచెం తాగినా హరామే. "ఒక్క గ్లాసే కదా" అన్న మాటకి మన దగ్గర జాగా లేదు.

కాబట్టి పిల్లలకి "చెట్టు హరామ్" అని చెప్పకండి. రేపు నీరా హలాల్ అని తెలిసిన రోజు మీ మిగతా మాటల మీద కూడా యకీన్ పోతుంది. ఫరక్ నేర్పండి. తెల్లవారుజామునే కొనండి. కుండ కొత్తదా, సున్నం పూశారా అని అడగండి. నురగ ఉన్నా, పుల్లటి వాసన వచ్చినా, నాలుక చురుక్కుమన్నా వదిలేయండి. రమజాన్‌లో పొద్దున దించినది ఇఫ్తార్‌కని బయట దాచకండి. దించిన వెంటనే ఐసులో పెట్టింది కాకపోతే షక్ ఉన్నట్టే. హైదరాబాద్ నెక్లెస్ రోడ్‌లో సర్కార్ 2023లో నీరా కేఫ్ తెరిచింది. అలాంటి చోటికి పోయినా ఏది నీరా, ఏది కల్లు అని అడిగే తీసుకోండి. అడగడానికి షరమ్ పడొద్దు.

ఇంకో మాట. ప్రాణాలకు తెగించి, మోకు మీద నమ్మకంతో చెట్టెక్కే గౌడన్న దగ్గర హలాల్ నీరా కొంటే ఆయనకీ రోజీ, మనకీ నిజాయితీ గల పానీయం. కల్లు తాగం అన్నంత మాత్రాన ఆయనతో సలామ్ కలాం మానేయాల్సిన పని లేదు.

భాంజా మళ్లీ ఫోన్ చేశాడు. బియ్యాన్ని ఎంత అరగదీశారన్నదాన్ని బట్టి అక్కడ సాకేకి దర్జాలు పెడతారట. మనకి ఆ దర్జాలతో పని లేదు బేటా, నషా ఉందా లేదా అన్నది ఒక్కటే చూసుకో అన్నాను. ఈసారి ఇండియా వస్తే ఫజర్ తర్వాత తాటివనానికి తీసుకుపోతానని మాటిచ్చాను, ఇన్షా అల్లాహ్.