చట్టం పోయింది, ముద్ర మిగిలింది

మూసాపేటలో నేనుండే వీధికి అద్దె గది కోసం ఒక యువకుడు వచ్చాడు. దగ్గర్లోని ఐటీ కంపెనీలో ఉద్యోగం. యజమాని సొంతూరు అడిగాడు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అనగానే, గేటుకు ‘టు లెట్’ బోర్డు వేలాడుతుండగానే గది ఖాళీ లేదన్నాడు. ఆ అబద్ధానికి నూట ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది.

మద్రాసు పోలీసు అధికారి ఫ్రెడరిక్ ముల్లాలీ 1892లో ఆ ప్రెసిడెన్సీలోని ‘నేరస్థ వర్గాల’పై పుస్తకం వెలువరించాడు. నేరాన్ని మనిషికి కాక పుట్టుకకు అంటగట్టిన రచన అది. ఎరుకలనూ ఆ జాబితాలో చేర్చాడు. నిజానికి వారు పశువులపై కోస్తా ఉప్పును మెట్ట ప్రాంతాలకు చేరవేసి, ధాన్యం తెచ్చిన సంచార వర్తకులు. వలస ప్రభుత్వ ఉప్పు విధానం, రైలు మార్గాలు ఆ వర్తకాన్ని ఎలా దెబ్బతీశాయో చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ వివరించారు. బతుకుతెరువు పోగొట్టిన పాలనే వారిపై దొంగలన్న ముద్ర వేసింది.

1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసుకూ విస్తరించింది. ఆ వెంటనే సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వెలసిన ఎరుకల సెటిల్‌మెంటే స్టువర్టుపురం. హాజరు వేయించుకోనిదే, అనుమతి చీటీ లేనిదే కదలడానికి వీల్లేని బతుకు అది. 1952లో చట్టం రద్దయింది. కానీ అలవాటు నేరస్థుల చట్టాల రూపంలో అనుమానం కొనసాగింది.

2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైలు రిజిస్టర్లలోని కులం గడిని తొలగించాలని ఆదేశించింది. విముక్త జాతులవారిని ఇష్టారీతిన అరెస్టు చేయరాదనీ స్పష్టం చేసింది. ఈ ఆదేశాల అమలుపై తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు రెండూ ప్రజలకు నివేదిక ఇవ్వాలి. పోలీసు శిక్షణలోనూ ఈ తీర్పు పాఠ్యాంశం కావాలి.

ఆ ఊళ్లో నేరాలు జరగలేదా అని కొందరు అడుగుతారు. జరిగాయి. సైబరాబాద్‌లోనూ రోజూ కోట్ల రూపాయల ఆన్‌లైన్ మోసాలు జరుగుతున్నాయి. పట్టుబడిన ఇంజినీరు కులాన్ని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. అతని నేరం అతనితోనే ఆగుతుంది. ఎరుకల బిడ్డకు మాత్రం తాత పేరిట పడిన కేసు కూడా ఆస్తిలా సంక్రమిస్తుంది.

జైలు రిజిస్టరులోని గడిని న్యాయస్థానం కొట్టివేయగలదు. ఇంటి యజమాని మనసులోని గడిని కొట్టివేయవలసింది మనమే. ఆ రోజు గేటు దగ్గర నేనూ మౌనంగా నిలబడ్డాను. అందుకే ఈ మాట ముందుగా నాకే చెప్పుకుంటున్నాను.