పెట్రోలు తాగిస్తున్నదెవరు?

జనవరి ఉదయం ఢిల్లీలో కారు స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తే కంగారు పడనక్కర్లేదు. అది చలికి చిక్కబడిన నీటి ఆవిరి. కానీ పది కిలోమీటర్లు తిరిగాక కూడా పచ్చి పెట్రోలు వాసన వస్తుంటే, పొగ నల్లగా ఉంటే, లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండి 10కి దిగితే మాత్రం విషయం వేరు. ఇంజిన్‌కు అవసరానికి మించి పెట్రోలు అందుతోందన్నమాట.

జాతీయ రాజధాని ప్రాంతంలో ఇది ఒక్క జేబుకు సంబంధించిన గొడవ కాదు. 15 ఏళ్లు దాటిన పెట్రోలు కార్లు ఇక్కడి రోడ్లపై తిరగరాదన్న ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2018 అక్టోబర్‌లో సమర్థించింది. వయసు ఒక్కటే కారణంగా యజమానులపై చర్యలు వద్దని 2025 ఆగస్టు 12న చెప్పింది. అదే ఏడాది డిసెంబర్ 17న ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. ఢిల్లీలో బీఎస్-4 అమలులోకి వచ్చింది 2010 ఏప్రిల్‌లో. అంటే ఆ ఏడాది కొన్న కారుకు దొరికిన ఊరట దాని ప్రమాణాన్ని బట్టి వచ్చిందే. ఆ ప్రమాణం ఆర్సీ కాగితంపై ఉంటే చాలదు, సైలెన్సర్‌లోనూ ఉండాలి.

ఇలాంటి బండిని గ్యారేజీకి తీసుకెళితే సాధారణంగా వినిపించే తీర్పులు మూడు. బండి పాతదైంది, పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు, ఆక్సిజన్ సెన్సర్ పోయింది. మొదటిది రోగనిర్ధారణే కాదు. రెండోది తిరగబడిన తర్కం. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కనుక అది మిశ్రమాన్ని పలచన చేస్తుందే తప్ప చిక్కబరచదు. 20 శాతం ఇథనాల్‌తో పాత తరం కార్ల మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా. మూడో వంతు మైలేజీ పోయిందంటే ఆ నింద ఇథనాల్ మీద వేయడం కుదరదు. ఇక మూడో తీర్పు ఒక్కోసారి నిజమే కావచ్చు. కానీ చాలాసార్లు అది వార్త మోసుకొచ్చిన దూతను శిక్షించడమే.

లెక్క ప్రకారం ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్ కలిస్తే ఈ అంకె కొంత తగ్గుతుంది. కార్బొరేటర్ రోజుల్లో ఈ పాళ్లు చోక్, ఫ్లోట్, జెట్‌ల చేతిలో ఉండేవి. చోక్ ఇరుక్కుందా, ఫ్లోట్ దగ్గర సూది వాల్వు కారుతోందా అని చూస్తే సగం పని అయిపోయేది. ఎన్‌సీఆర్‌లో 2000 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు భారత్ స్టేజ్-2 తప్పనిసరి కావడంతో ఆ పని ఇంజెక్టర్లకు, వాటిని నడిపే కంప్యూటర్‌కు బదిలీ అయింది. కాబట్టి ఇప్పుడు వేయాల్సిన ప్రశ్న ఒకటే. ఎక్కువ పెట్రోలును కంప్యూటరే పోయిస్తోందా, లేక దానికి తెలియకుండా ఎక్కడి నుంచో వచ్చి పడుతోందా?

తొలి ఆధారం చాలామంది మడిచి డాష్‌బోర్డులో పడేసే పొల్యూషన్ సర్టిఫికెట్‌లోనే ఉంది. బీఎస్-4 పెట్రోలు కారుకు కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 0.3 శాతం, హైడ్రోకార్బన్లకు 200 పీపీఎం. లాంబ్డా అనే అంకె 0.97, 1.03 మధ్య ఉండాలి. మోనాక్సైడ్ పెరిగి, లాంబ్డా 0.97 కంటే దిగితే పెట్రోలు ఎక్కువవుతున్నట్టే. మోనాక్సైడ్ మామూలుగా ఉండి హైడ్రోకార్బన్లు మాత్రమే ఎగబాకితే ముందు చూడాల్సింది ప్లగ్గులు, కాయిల్‌లను. అక్కడ పెట్రోలు ఎక్కువ కాలేదు, ఉన్నది మండడం లేదు.

రెండో ఆధారం స్కానర్. 2010 తర్వాతి చాలా కార్లలో దాన్ని తగిలించే సాకెట్ స్టీరింగ్ కింద ఉంటుంది. అందులో ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె చూడాలి. అది మైనస్ 15, మైనస్ 20 శాతం చూపిస్తోందంటే కంప్యూటర్ తన వంతుగా పెట్రోలు కోస్తూనే ఉంది, దోషం మరోచోట ఉంది. అంకె బాగా ప్లస్‌లో ఉండి పొగ మాత్రం నల్లగా వస్తుంటే కంప్యూటర్‌ను ఎవరో మోసం చేస్తున్నారు. ఇథనాల్ వల్ల కొద్దిపాటి ప్లస్ మాత్రం సహజమే.

మోసం చేసేవాటిలో ఆక్సిజన్ సెన్సర్ ఒకటి. అయితే సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ పైపు పగిలి బయటి గాలి దూరినా అది అబద్ధమే చెబుతుంది. ఇక నీటి ఉష్ణోగ్రత చెప్పే సెన్సర్ పాడైతే వేడెక్కిన ఇంజిన్‌ను కూడా కంప్యూటర్ చల్లగా ఉందనుకుని చోక్ లాగినట్టే పోస్తుంది. ఢిల్లీ ఎండలకు భయపడి కొందరు మెకానిక్‌లు థర్మోస్టాట్‌ను పీకేసే అలవాటు దీనికి తోడు. మే నెలలో చేసిన ఆ ఉపకారం జనవరిలో బిల్లు పంపుతుంది. ఇంజిన్ ఎప్పటికీ సరిగా వేడెక్కదు. పరీక్ష తేలికే. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేశాక రేడియేటర్ పై గొట్టం కొన్ని నిమిషాలు చల్లగా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నుంచీ మెల్లగా వేడెక్కుతూ వస్తే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుంది, లేదా అసలు లేదు.

కంప్యూటర్‌కు తెలియకుండా పడే పెట్రోలుకు దారులు మూడు. ప్రెషర్ రెగ్యులేటర్ ఇంజిన్ మీదే ఉండే మోడళ్లలో దానికున్న సన్నటి వాక్యూమ్ గొట్టం తీసి చూడాలి. లోపల పెట్రోలు తడి కనిపిస్తే పొర చిరిగినట్టే. రెండోది కారే ఇంజెక్టర్. ఇంజిన్ ఆపిన తర్వాత ఇంధన పీడనం త్వరత్వరగా పడిపోవడం దాని గుర్తు. మూడోది ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌కు పంపే పర్జ్ వాల్వు. బంకులో పంపు ఆగిన తర్వాత కూడా మెడ దాకా పోయించుకునే అలవాటు ఉన్నవారి కార్లలో ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా తడిసిపోతుంది. ఆ గొట్టాన్ని నొక్కి పట్టగానే ఇంజిన్ కుదురుకుంటే దొంగ దొరికినట్టే. ఇలాంటి పరీక్షలు చేసేటప్పుడు దగ్గర్లో నిప్పు ఉండరాదని చెప్పక్కర్లేదు.

ఆలస్యం ఖరీదైనది. కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి కిందికి దిగుతుంది. డిప్‌స్టిక్‌పై ఆయిల్ మట్టం పెరుగుతూ పెట్రోలు వాసన వేస్తే ఆ ఆయిల్ ఇక పనికిరాదు. మిగిలింది క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండి దాన్ని కరిగించేస్తుంది. ఆ తర్వాత మూల కారణాన్ని సరిచేసినా సర్టిఫికెట్ అంకెలు దిగిరావు.

కాశ్మీరీ గేట్ విడిభాగాల బజారులో ప్రతి సెన్సర్‌కూ ఒక ధర ఉంది. దాన్ని అడిగే ముందు ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, గొట్టాలు చూసి, పైన చెప్పిన రెండు అంకెలూ రాసుకుని మెకానిక్ ముందు పెట్టాలి. అప్పుడు మాటలు బండి వయసు మీద కాకుండా, దాని రోగం మీద సాగుతాయి.