లీడ్స్ మైదానమును పెంచవలెనా?

పై శ్రేణికెక్కిన ఫుట్‌బాల్ క్లబ్బునకు సంబరములు ముగియక మునుపే ఎదురగు ప్రశ్న యొకటి కలదు: మైదానమున ప్రేక్షకుల చోటును పెంచవలెనా, వలదా? ఇంగ్లండులోని లీడ్స్ యునైటెడ్ క్లబ్బు 2025లో నూరు పాయింట్లతో రెండవ శ్రేణి విజేతయై ప్రీమియర్ లీగునకు తిరిగి వచ్చుటతో ఈ ప్రశ్న అచ్చట మరల ముందునకు వచ్చినది. దాని మైదానమైన ఎలండ్ రోడ్డున సుమారు 37,600 మందికి చోటున్నది. పడమటి, ఉత్తరపు స్టాండులను పెంచి దానిని సుమారు 53,000కు చేర్చవలెనన్న ఉద్దేశమును క్లబ్బు 2024లోనే వెల్లడించినది. మన యిండ్లలో అర్ధరాత్రి వరకు టెలివిజను ముందు కూర్చుండి ఇంగ్లీషు ఆటలు చూచు యువకులకు ఇది క్రొత్త వార్త కాదు. పెద్దలకు కూడ ఇది ఆలోచింపదగిన విషయమని మేము తలంచుచున్నాము. కలిమి వచ్చిన యేట ఒక సంస్థ ఎట్లు నడచుకొనవలెనన్న విచారము ఇందులో ఇమిడియున్నది.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలందురు. పెంపును కోరువారి వాదము సరిగా ఇదియే. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. లీడ్స్ ఎనిమిది లక్షలకు మించిన జనాభాగల నగరము. ఇంగ్లీషు లీగులో దానికున్నది ఈ ఒక్క క్లబ్బే. రెండవ శ్రేణిలో ఆడిన కడపటి యేండ్లలో సైతము మైదానము దాదాపు నిండుచునే వచ్చినది. సీజను టిక్కెట్టు కొరకు పేరు వ్రాయించుకొని వేచియున్నవారు ఇరువది వేలకు మించిరి. 1967 మార్చిలో సండర్లాండుతో జరిగిన కప్పు ఆటకు ఇదే మైదానమునకు 57,892 మంది వచ్చిరి. నాటి జనులలో అధికులు నిలుచుండి చూచినవారు. 1989లో షెఫీల్డు నగరపు హిల్స్‌బరో మైదానమున జరిగిన ఘోర దుర్ఘటన తరువాత, 1990 నాటి టేలర్ విచారణ నివేదికను అనుసరించి పై శ్రేణుల మైదానములలో అందరికిని కుర్చీలు ఏర్పరుపవలసి వచ్చినది; చోటు కుదించుకొనిపోయినది. తండ్రి తన్ను తీసికొనిపోయిన ఆటకు తన బిడ్డను తీసికొనిపోలేని గృహస్థునకు ఆవేదన కలుగుట సహజము.

అయినను, లీడ్స్ కథను ఎరిగిన వారెవరును వెంటనే తల యూపజాలరు. 2001లో ఈ క్లబ్బు యూరపు ఛాంపియన్స్ లీగున సెమీఫైనలు వరకు పోయినది. ఆ వెలుగులో, రాబోవు 25 సంవత్సరముల టిక్కెట్ల రాబడిని హామీగా చూపి ఆరు కోట్ల పౌండ్లు అప్పు తెచ్చినది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత మనకున్నది. ఇంకను ఆడని ఆటల రాబడి, ఇంకను గెలువని గెలుపుల రాబడి అప్పటికే లెక్కలోనికెక్కినది. ఆ తరువాతి సంవత్సరములలో జట్టు ఛాంపియన్స్ లీగున స్థానము సంపాదింపలేకపోయినది. పేరుపడ్డ ఆటగాండ్రు ఒకరి వెంట ఒకరు అమ్ముడుపోయిరి. 2004లో జట్టు పై శ్రేణినుండి దిగజారినది. ఆ యేడే మైదానమును సైతము అమ్ముకొనవలసి వచ్చినది. 2007లో మూడవ శ్రేణికి పడిపోయినది. తన నేలపై తాను అద్దెకుండిన ఆ క్లబ్బు మైదానమును తిరిగి కొనుగోలు చేసినది 2017లో మాత్రమే.

ఇతరుల అనుభవము కూడ ఇట్టిదే. 2023లో పై శ్రేణికెక్కిన ల్యూటన్ క్లబ్బు తన పాత మైదానమును శ్రేణి నియమములకు తగినట్లు హడావిడిగా బాగుచేయింపగా, పని సకాలమున ముగియక సొంత గడ్డపై మొదటి ఆటయే వాయిదా పడినది. 2024లో ఆ జట్టు దిగిపోయినది. 2025లో మరియొక మెట్టు దిగినది. సుమారు లక్ష జనాభాగల డార్లింగ్టన్ పట్టణమున అడుగు శ్రేణి క్లబ్బు కొరకు 2003లో 25,000 కుర్చీల మైదానము వెలసినది. సాధారణ దినములలో అందు చాల భాగము ఖాళీగానే యుండెను. 2012లో ఆ క్లబ్బు దానిని విడిచిపెట్టి వెడలిపోయినది. వాపును చూచి బలుపనుకొన్నచో ఇట్లే యగును. మరియొక వంక బోర్న్‌మత్ క్లబ్బు సుమారు 11,000 మందికే చోటున్న మైదానముతో 2015 నుండి 2020 వరకు పై శ్రేణిలో నిలిచినది. నేడు ఆ శ్రేణిలోని చిన్న క్లబ్బులకు టెలివిజను ప్రసారముల పైకము ముందు టిక్కెట్ల రాబడి స్వల్పము. కనుక కుర్చీలు పెంచిననే జట్టు నిలుచునను మాట నిజము కాదు. తొందరపడుటకు కారణమును లేదు.

మరి చోటును దేనితో కొలువవలెను? పెద్ద జట్లు వచ్చిన దినమున గేటు వద్ద మూగిన జనముతో కొలువరాదు. ఓడిన యేండ్లలో వానలో తడియుచు వచ్చిన జనముతో కొలువవలెను. ఈ కొలతకు లీడ్స్ నిలుచుచున్నది. 2007 నుండి 2010 వరకు మూడవ శ్రేణిలో, పేరు వినని జట్లతో ఆడిన మూడు సీజనులలోను, అచ్చటి సగటు ప్రేక్షకుల సంఖ్య 23,000కు తగ్గలేదు. ఇంతటి నమ్మకమున్న ఊరికి పెంపు తగునని మేము ఒప్పుకొందుము. అయితే 23,000కును 53,000కును నడుమ దూరము చాల యున్నది. ఆ దూరమును ఒక్క గంతున దాటరాదు. ముందు పడమటి స్టాండును చేపట్టవలెను. 1956లో పాత స్టాండు అగ్నికి ఆహుతి కాగా మరుసటి యేడు కట్టిన కట్టడమది. దానికి వయసు మీరినది. అది నిండి, నిలుకడగా నిండుచున్నదని తేలిన పిదపనే ఉత్తరపు వైపునకు పోవలెను. యజమానులు ఆ వ్యయమును తమ మూలధనము నుండి పెట్టవలెను గాని, రేపటి టిక్కెట్లను తాకట్టు పెట్టరాదు.

ఇంతకంటె గురుతరమైన విషయము మరియొకటి కలదు. లీడ్స్‌కు సుమారు 15 కిలోమీటర్ల దూరముననే బ్రాడ్‌ఫర్డ్ నగరమున్నది. 1985 మే 11వ తేదీన అచ్చటి క్లబ్బు మూడవ శ్రేణి విజేతగా కప్పు నందుకొని, పై మెట్టెక్కిన ఆనందమున చివరి ఆట ఆడుచున్నది. 1911 నాటి కొయ్య స్టాండు క్రింద ఏండ్ల తరబడి పేరుకొన్న చెత్త కంటుకొన్న నిప్పు కొన్ని నిమిషములలో కప్పునంతయు దహించినది. వెనుకవైపు ద్వారములలో పెక్కు మూసియుండెను. ఏబదియారుగురు మరణించిరి. పై శ్రేణి నియమముల ప్రకారము ఆ కప్పును మార్చుటకు తెప్పించిన ఉక్కు అప్పటికే మైదానమునకు చేరియుండెను. ఆ సీజను ముగియగనే పని మొదలు కావలసియుండెను. ఇటువంటి దుఃఖము మనకును దూరము కాదు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియము వెలుపల విజయోత్సవమునకు వచ్చిన జనసమ్మర్దములో పదకొండుగురు అసువులు బాసిరి. గెలుపు దినమున జనము పొంగును, ద్వారములు పొంగవు. కావున క్రొత్త కుర్చీలకు ముందుగా ద్వారములు, మెట్లు, నిష్క్రమణ మార్గములు, పాత స్టాండుల భద్రత చూడవలెను. లీడ్స్ నగరమునకు నేటికిని ట్రామ్ గాని మెట్రో గాని లేదు. ఆట ముగిసిన పిదప మరి పదునైదు వేలమంది ఏ దారిన ఇల్లు చేరుదురో, చుట్టుపట్ల నివసించువారి దారి ఏమగునో నిర్ణయింపక పునాది తీయుట తగదు.

క్రొత్త చోటు ఎవరికన్నదియు తేలవలెను. పెంచిన చోటంతయు ధనికుల విందుగదులకే పోయినచో, ఏండ్ల తరబడి జాబితాలో వేచియున్నవారికి మిగులునది నిరాశయే. బాలురకు, వృద్ధులకు, మైదానము ప్రక్కవీధులలోని కుటుంబములకు అందుబాటు ధరలో నిర్ణీత భాగమును ముందే ప్రత్యేకించి ప్రకటించుట క్లబ్బు ధర్మము.

కనుక మా తీర్పు ఇది: లీడ్స్ తన మైదానమును పెంచుకొనవచ్చును. భద్రత మొదట, ఒక స్టాండు తరువాత మరియొకటి, చేతిలోని సొమ్ముతో పెంచుకొనవలెను. జట్టు మరల దిగిపోయినను మైదానము క్లబ్బు చేతిలోనే యుండునట్లుగా లెక్క వేసికొనవలెను. ఆ లెక్కకు నిలువని కట్టడము ఎంత సుందరమైనను, దానికి నేడు పునాది త్రవ్వకుండుటయే మేలు.