పాచి చెప్పు సాక్ష్యము

మెట్లపై కాలు జారినప్పుడు తప్ప పాచిని తలచువారు మనలో అరుదు. నీటిలో పచ్చగా కనబడు ప్రతిదానిని పాచి యనుట మన వాడుక. కాని జిగురుగా నంటుకొనునది తరచుగా నాచు. సన్నని కాండమును చిన్న ఆకులును గలిగి, పూవును గింజయు లేని వేరొక కులము గలదు. బ్రయోఫైటులనబడు జాతిలోని నిజమైన పాచి యిదియే.

ఐరోపా, ఉత్తర అమెరికాల చల్లని సెలయేళ్లలో రాళ్లనంటి పెరుగు పాచికి 1753లో లినేయసు ఫాంటినాలిస్ ఆంటిపైరెటికా యని పేరిడెను. రెండవ పదమునకు నిప్పును వారించునదని భావము. స్వీడనులో పొగగొట్టమునకును గోడకును నడుమ దీనిని కూరెడివారట. దీనికి నిజమైన వేళ్లు లేవు. సన్నని పోగులతో రాతిని పట్టుకొని, పలుచని ఆకులతోనే నీటిలోని లవణములను గ్రహించును. నీటిలో సీసము, రాగి కలిసినచో అవియు దానియందు పేరుకొనును. అందుచేతనే ఐరోపాలో నదుల కాలుష్యమును కనుగొనుటకు దీనిని పరీక్షింతురు.

మన కృష్ణాడెల్టాలో ఒండ్రునేలయు వెచ్చని బురదనీరును గలవు. బందరు కాలువలోను, గుడివాడ పంటకాలువలలోను, పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమకేగు నీటిలోను ఆ చలిదేశపు పాచికి తావులేదు. అయినను ఆగ్నేయాసియానుండి వచ్చిన జావా పాచిని పాఠశాలలో పెంచవచ్చును. దానిని దారముతో రాతికి కట్టి గాజుతొట్టిలో నుంచి, నేరుగా ఎండ తగులని వెలుతురున నిలిపి, వారమునకొకసారి కొంత నీరు మార్చిన చాలును. మండువేసవిలో తొట్టిని చల్లని చోటికి మార్చవలెను. త్రుంచిన తునకయే మరల మొక్కయగును. కాని ఆ తునకలను కాలువలో పారవేయరాదు. అలంకారమునకై పరదేశమునుండి తెచ్చిన గుర్రపుడెక్క మన కాలువలను క్రమ్మిన కథయే మనకు చాలిన పాఠము.

ప్రతి పాఠశాలలో నిట్టి తొట్టి యొకటి యుండవలెనని మా యభిప్రాయము. పటము గీచి మార్కులు పొందుట చదువులో సగమే. వేళ్లు లేని ఈ మొక్క తన చుట్టు నున్న నీటిని కాదనజాలదు. ఆ నీరు చెడిన తానును చెడును. మన గతియు నంతకంటె వేరు కాదు. మన ఊళ్ల మంచినీటి చెరువులు నిండునది ఈ కాలువలవలననే. గట్టుమీదినుండి మనము విసరిన చెత్తయు, వదలిన మురుగును ఆ నీటిలోనే కలియును. పిల్లలారా, తొట్టిలోని నీటిని కాపాడుట నేర్చుకొనుడు. తలిదండ్రులారా, కాలువనీటిని కాపాడి వారికి దారి చూపుడు.