ముడతకు సూదిమందు – మన ఎండలో దాని లెక్క

(తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి)

కరువు జిల్లాలో కూర్చుని ముఖం ముడతలకు వేసే ఇంజెక్షన్ గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. వాన లేదు, చెనక్కాయకు ధర లేదు, చదివినవాడికి ఉద్యోగం లేదు, ఇక అందమొక్కటే తక్కువైందా అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కానీ విషయం మనల్ని అడగకుండానే మన వాకిట్లోకి వచ్చేసింది. బెంగుళూరు మనకు నాలుగైదు గంటల ప్రయాణం. అక్కడికి ఉద్యోగాలకు పోయిన మన అక్కలు, అన్నలు పండక్కి వచ్చినప్పుడు ఈ మాటలు మోసుకొస్తున్నారు. చేతిలో ఫోను తెరిస్తే 'స్కిన్ బూస్టర్' అనే ప్రకటనలే. కాబట్టి సైన్సు చదివేవాళ్ళం దీన్ని నవ్వి వదిలేయకుండా విడమర్చి చూడాలని నా అభిప్రాయం.

మొదట ఆ సూదిలో ఉండేదేమిటో చూద్దాం. చాలావరకు అది హయలురోనిక్ ఆమ్లం. పేరు భయపెడుతుంది గానీ అది మన ఒంట్లో ఉన్నదే. చర్మంలో, కీళ్ళలో, కంటిలో ఉంటుంది. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీన్ని ఆవు కంటిలోని జిగురు పదార్థం నుంచి మొదటిసారి వేరుచేశారు. తర్వాత కోడిపుంజు నెత్తిమీది తురాయి నుంచి తీశారు. ఇప్పుడు ఎక్కువగా బాక్టీరియాను పెంచి తయారుచేస్తున్నారు. నీటిని పట్టి ఉంచడం దీని గుణం. వయసు పెరిగేకొద్దీ చర్మంలో ఇది తగ్గుతుంది, తేమ తగ్గుతుంది, చర్మం పలచబడుతుంది. దాన్ని బయటినుంచి సన్నటి సూదితో చుక్కలు చుక్కలుగా చర్మంలోకి ఎక్కించడమే ఈ వైద్యం.

ఇక్కడ ఒక చిక్కుంది. చర్మంలో సహజంగా ఉండే ఈ ఆమ్లాన్ని ఒంట్లోని ఎంజైములు ఒకటి రెండు రోజుల్లోనే కరిగించి కొత్తది తయారుచేసుకుంటాయి. అందుకని మందులో దాని గొలుసులను ఒకదానికొకటి రసాయనికంగా ముడివేసి, త్వరగా కరగకుండా చేస్తారు. అయినా అది శాశ్వతం కాదు. అమెరికా ఎఫ్.డి.ఎ. 2023 మే నెలలో ఈ రకం మందు ఒకదాన్ని, 'స్కిన్‌వైవ్' అనేదాన్ని, 21 ఏళ్ళు దాటినవారి బుగ్గల నునుపు కోసం అనుమతించింది. దాని ఫలితం కూడా ఆరు నెలల మాటే. తర్వాత మళ్ళీ సూది, మళ్ళీ డబ్బు.

బజారులో మాటలు కూడా కలగాపులగమైపోయాయి. బొటాక్స్ వేరు, అది కండరాన్ని కదలకుండా చేస్తుంది. ఫిల్లర్ వేరు, అది గుంటను నింపుతుంది. బూస్టర్ వేరు, అది తేమను, నునుపును మాత్రమే ఇస్తుంది. వేలాడే చర్మాన్ని ఎత్తి కట్టదు, మంగుమచ్చలను తీసివేయదు. ఇక గ్లూటాథయోన్ ఇంజెక్షన్లను 'తెల్లబడే మందు' అని వీటి పక్కనే పెట్టి అమ్ముతారు. వాటికీ ముడతలకూ సంబంధం లేదు. ఆ వాడకం ప్రమాదమని ఫిలిప్పీన్స్ ప్రభుత్వ సంస్థ 2011లోనే హెచ్చరించింది. సూది ఒకటే కదా అని అన్నీ ఒకటి కావు.

ఇప్పుడు మన ఎండ సంగతి. చర్మం ముసలిదయ్యేది వయసు వల్ల మాత్రమే కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మం లోపలి పొరదాకా పోయి, దానికి బిగువునిచ్చే కొల్లాజెన్ పోగులను తెంపుతాయి. 2012లో ఒక ప్రసిద్ధ అమెరికన్ వైద్య పత్రికలో ఒక లారీ డ్రైవరు ఫోటో వచ్చింది. వయసు 69. ఇరవై ఎనిమిదేళ్ళు లారీ నడిపాడు. కిటికీ వైపు ఉన్న సగం ముఖం ముడతలు పడి వేలాడుతోంది, రెండో సగం అంత చెడలేదు. ఒకే మనిషి, ఒకే వయసు, రెండు ముఖాలు! కిటికీ అద్దం చాటున కూర్చున్నవాడికే అట్లయితే, చేలో వంగి కలుపు తీసే మనిషి మాటేమిటి?

మా అమ్మకు నలభై అయిదేళ్ళు. పదమూడో ఏటనుంచి చేలోనే ఉంది. బస్సులో ఒకామె నన్ను చూపించి "మనవడా?" అని అడిగింది. అమ్మ నవ్వింది గానీ ఇంటికొచ్చి అద్దం ముందర చానాసేపు నిలబడింది. అక్క పెళ్ళి ఫోటోలు వచ్చినప్పుడు తన ఫోటోలన్నీ పక్కన పెట్టేసింది. బెంగుళూరులో ఉండే అక్క ఒక క్లినిక్కులో కనుక్కుని, ఒక సిట్టింగుకు ఇరవై వేలు అవుతుందని, తానే ఇస్తానని చెప్పింది. మా నాయన విని "ముసిలిదానికి ముస్తాబెందుకు?" అన్నాడు. అమ్మ ఒకే మాటంది: "సచ్చేదాకా ఎండలోనే కదా. ఒక్కసారన్నా నా మొగం నాకు కనపడితే నీకేం పోతుంది?"

ఈ మాటకు జవాబు చెప్పడం సులభం కాదు. మా నాయన మూడు బోర్లు వేయించాడు. మూడింటిలోనూ దుమ్మే వచ్చింది. లక్షలు పోయాయి. ఊర్లో ఎవరూ నవ్వలేదు, రైతన్నాక తప్పదన్నారు. అమ్మ తన ముఖానికి ఇరవై వేలు అడిగితే మాత్రం అందరికీ నవ్వొచ్చింది. కాబట్టి నేను ఈ కోరికను తప్పని అనను. ఇల్లంతటికీ ఎండలో మాడిన మనిషికి తన చర్మం గురించి అడిగే హక్కు ఉంది. కోరిక న్యాయమైనదే. ఆ కోరికకు ఈ సూది సరైన జవాబా అన్నదే నా ప్రశ్న.

నా లెక్క ప్రకారం, మన పరిస్థితిలో మొదటి జవాబు అది కాదు. సూది వేయించుకున్న వారానికే ఆమె మళ్ళీ చేలోకి పోతుంది. కొల్లాజెన్‌ను తెంపే ఎండ అక్కడే ఉంది. తెగిన చెరువుకట్టను పూడ్చకుండా ట్యాంకరుతో నీళ్ళు పోసినట్లుంటుంది. పైగా మన చామనచాయ చర్మానికి ఒక ప్రత్యేకత ఉంది. రంగునిచ్చే మెలనిన్ వల్ల మనకు ముడతలు తెల్లవాళ్ళకంటే ఆలస్యంగా వస్తాయి గానీ, మచ్చలు ముందు వస్తాయి. సూది గుచ్చినచోట వాపు వచ్చి నల్లమచ్చ మిగిలే అవకాశం కూడా మనకే ఎక్కువ.

చవకైన జవాబు ఇంకొకటి ఉంది. ఆస్ట్రేలియాలోని నాంబోర్ అనే ఊరిలో 903 మందిపై జరిగిన పరిశోధన 2013లో వెలువడింది. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవారిలో చర్మం ముసలిదయ్యే లక్షణాలు, ఇష్టమైనప్పుడు రాసుకున్నవారికంటే 24 శాతం తక్కువగా కనిపించాయి. దానితోపాటు వెడల్పు అంచు టోపీ, నిండుచేతుల చొక్కా, మెడ కప్పే గుడ్డ. మిట్టమధ్యాహ్నం పని వీలైనంత తగ్గించడం. మేము అమ్మను ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల ఓ.పీ.కి తీసుకుపోయాము. డాక్టరమ్మ చెప్పింది కూడా ఇదే. ఆరు నెలలు ఎండనుంచి కాపాడుకో, అప్పటికీ కావాలంటే సూది గురించి మాట్లాడుదాం అన్నది. అమ్మ ఒప్పుకుంది. ఆరు నెలల తర్వాత నిర్ణయం ఆమెదే, మాది కాదు.

అన్నీ తెలుసుకుని కూడా సూది కావాలనుకునేవారు కొన్ని ప్రశ్నలు అడిగి తీరాలి. వేసేది మెడికల్ కౌన్సిల్‌లో నమోదైన చర్మవైద్యులేనా? మందు పెట్టె మన కళ్ళముందే తెరుస్తారా? దానిమీద పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయా? పొరపాటున మందు రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చుబడవచ్చు, అరుదుగా చూపే పోవచ్చు. అటువంటప్పుడు ఆ ఆమ్లాన్ని కరిగించే హయలురోనిడేజ్ అనే మందు వాళ్ళ దగ్గర సిద్ధంగా ఉందా? ఆరు నెలలకు కలిపి మొత్తం ఖర్చెంత? గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ముఖం మీద పుండ్లున్నవారు ఆగవలసిందే. వీటికి సూటిగా జవాబు చెప్పని చోటినుంచి లేచి రావడమే మంచిది.

చివరగా ఒక మాట. ముడతను ఒక మనిషి సొంత లోపంగా చూపి అమ్మేది వ్యాపారం. మన ప్రాంతంలో అది పని చేసేచోట నీడ లేకపోవడం కూడా. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో పనిచోట నీడ, తాగునీరు ఉండాలని రాశారు. ఎంతమంది తల్లులు ఆ నీడ చూశారో మన ఊర్లలో మనమే అడిగి తెలుసుకోవచ్చు. మన విద్యార్థి సంఘం వచ్చే ఎన్.ఎస్.ఎస్. క్యాంపుకు ఒక చర్మవైద్యుణ్ణి పిలిపించాలని, కూలితల్లులకు టోపీలు, సన్‌స్క్రీన్ ఇప్పించాలని కోరుతున్నాను. అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు తలా ఒక చెయ్యి వేస్తే ఇది మనకు పెద్ద ఖర్చు కాదు. చెనక్కాయ కోతలకు ముందే జరిగితే ఇంకా మేలు.