మెల్లగా ఈదువారికి వేరొక వరుస

ఈత బాల్యమున నేర్వవలసిన విద్య యనియు, ఆ వయస్సు దాటినవారికి దానితో పని లేదనియు మనవారిలో ఒక అభిప్రాయము పాతుకొనియున్నది. మన పూర్వులకు ఈ మాట చెల్లినది. వారిలో పలువురు ఊరి దిగుడుబావిలో నడుమునకు ఎండిన సొరకాయ బుర్ర కట్టుకొని ఈత నేర్చినవారే. బెంగుళూరు, హోసూరు, బళ్లారి, బరంపురము వంటి పట్టణములలో పుట్టి పెరిగిన మనకు ఆ బావులు లేవు. వేసవి సెలవులలో పిల్లలను ఈతకొలనునకు పంపి, మనము గట్టున కూర్చుండి వారి తువాళ్లకు కాపలా కాయుచున్నాము. ధైర్యము చేసి నీటిలో దిగిన కొలదిమంది పెద్దలును, కుర్రవాండ్ర వేగమును చూచి సిగ్గుపడి నెల తిరుగకమునుపే మానుకొనుచున్నారు.

ఈ సిగ్గునకు విరుగుడు పశ్చిమదేశములలో కనుగొనిరి. ఆఫ్రికా తీరమునకు చేరువనున్న స్పెయిన్ దేశపు లాంజరోటె ద్వీపమున చలికాలమందును వెచ్చగా నుండును. ఐరోపావారు సెలవులలో అట్టి చోట్లకు పోయి ఈత శిక్షణ పొందుచుందురు. అందు వేగము లేని పెద్దలకొరకే ప్రత్యేకించిన శిబిరములును కలవు. ఇది వారిని చిన్నచూపు చూచుట గాదు. దీనికి తగిన కారణము కలదు.

వేగముగలవాడు 100 మీటర్లు నిమిషమున్నరలో ఈది, అర నిమిషము సేదదీరి మరల బయలుదేరును. మెల్లగా ఈదువానికి అదే దూరము మూడు నిమిషములు పట్టును. ఇద్దరిని ఒకే వరుసలో నుంచినచో, వీడు గట్టు చేరునప్పటికి తక్కినవారు ఎప్పుడో బయలుదేరియుందురు. వారిని అందుకొనవలెనన్న ఆత్రమున విశ్రాంతి యెక్కువ కావలసినవానికే విశ్రాంతి దక్కదు. అలసినవాని చేతులు తప్పుగా పడును. ఆ తప్పే అలవాటగును. తనవంటివారితో ఈదినపుడు మాత్రమే గురువు చెప్పినది చెవికెక్కును.

నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. తల పైకెత్తినచో కాళ్లు క్రిందికి దిగును. కాళ్లు దిగినచో నీరు గోడవలె అడ్డగించును. అప్పుడు చేతుల బలము చాలవరకు వృథా. తల నీటిపై వాల్చి దేహమును చాపవలె పరచుట, ముఖము నీటిలో నున్నంతసేపు ఊపిరి మెల్లగా వదలుట — ఈ రెండే మొదటి పాఠములు. వారమున కొక దినము నేర్చినచో మరుసటి వారమునకు దేహము మరచిపోవును. వరుసగా అయిదారు దినములు ఉదయము, సాయంకాలము అభ్యసించినచో ఆ పాఠము దేహమున నిలుచును. సెలవులలో శిక్షణ యన్నదాని కిటుకు ఇదియే.

వర్తకుడు లాభమున్నచోట పెట్టుబడి పెట్టును. ఆరితేరినవాని వేగమును అరక్షణము పెంచుటకు ఏండ్లు పట్టును. మెల్లగా ఈదువాడు తల వాల్చుట నేర్చినంతమాత్రముననే ఎంతో శ్రమ మిగుల్చుకొనును.

మెల్లదనము అసమర్థత గాదు. 2010లో జాకీ కోబెల్ అను 56 ఏండ్ల ఆంగ్లవనిత ఇంగ్లీషు ఛానలును 28 గంటల 44 నిమిషములలో దాటినది. అంతకుమున్ను అంత ఆలస్యముగా దాటినవారు లేరు. అయినను ఆమె దాటినది! పెద్దవయస్సున ఈత నేర్చిన మన తెలుగు వనిత గోలి శ్యామల 2021 మార్చిలో సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషములలో ఈదినది.

మనకు సముద్రములు దాటవలసిన పని లేదు. కాని పుష్కరములకు నదిలో దిగుదుము. పిల్లలతో చెరువుగట్లకు, సముద్రతీరములకు పోవుదుము. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో ప్రపంచమున సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరి. కాలుజారిన క్షణమున కంగారుపడక వెల్లకిల తేలుట తెలిసిన పెద్ద, తన ప్రాణము కాపాడుకొనుటకు కొంత వ్యవధి సంపాదించుకొనును. అయితే అయిదు దినముల శిక్షణతో ప్రవాహముల కెదురీదవచ్చునని ఎవరును భ్రమపడరాదు.

కావున రానున్న దసరా సెలవులలో మన సంఘము పెద్దలకొరకు అయిదు దినముల ఈత శిక్షణ నేర్పరుపవలెనని కోరుచున్నాను. దీనికై లాంజరోటె పోనక్కరలేదు. మన పట్టణములోని కొలనునే కొన్ని గంటలు అద్దెకు తీసికొనవచ్చును. జట్టునకు పదిమందికి మించరాదు. స్త్రీలకు వేరు వేళయు, వీలైనచో స్త్రీయే గురువుగాను ఉండవలెను. గట్టున రక్షకుడు తప్పక నుండవలెను. గుండెజబ్బు, రక్తపుపోటు గలవారు వైద్యుని అడిగి రావలెను. పందెములు, పతకములు వలదు.

పెద్దలకు ఇంత వ్యయమేల యని కొందరనవచ్చును. పిల్లలకు పెట్టుచున్నదానిని తగ్గింపుమని నేననుట లేదు. తల్లిదండ్రులు నీటికి భయపడు ఇంట బిడ్డలకును ఆ భయమే సంక్రమించును. సంఘమునకు భారము కాకుండ, వచ్చువారే ఖర్చు పంచుకొనవచ్చును. ఇష్టమున్నవారు తమ పేరు, వయస్సు వ్రాసి కార్యాలయమున నిచ్చినచో, రానున్న కార్యవర్గ సమావేశమున ఈ విషయమును తేల్చవచ్చును. వేగము ఎంతయని ఎవరును అడుగరు.