చిన్నదాని చాకు

మా చిన్నదానికి మొన్న పదకొండు నిండాయి. "పుట్టినరోజుకి ఏం కావాలే?" అని అడిగితే, ఏమాత్రం తడుముకోకుండా "చాకు" అంది.

వంటింట్లో చాకు కాదు, మడిచి జేబులో పెట్టుకునేది. కొన్నాళ్ల కిందటే ఇక్కడి అమ్మాయిల స్కౌట్ ట్రూప్‌లో చేరింది. వచ్చే నెలలో మొదటి క్యాంపు.

"నీకెందుకే చాకు?" అన్నాను వెంటనే.

అది నావైపు ఒకసారి చూసి, "అన్నయ్య అడిగినప్పుడు ఏ రంగు కావాలి అన్నావు. నన్ను మాత్రం ఎందుకు అంటున్నావు" అంది.

నా దగ్గర జవాబు లేదు. మూడేళ్ల కిందట మా పెద్దాడు అడిగినప్పుడు నేనూ, మావారూ ఆదివారం పూట వాణ్ణి షాపుకి తీసుకెళ్లి పావుగంటలో కొనేసి వచ్చాం. అమెరికాలో అబ్బాయిల స్కౌట్ దళాలు అమ్మాయిలకు తలుపు తెరిచి ఇంకా పదేళ్లు కాలేదు. 2018లో కబ్ స్కౌట్స్‌లోకి, 2019లో పెద్ద పిల్లల ట్రూపుల్లోకి రానిచ్చారు. 2025లో సంస్థ పేరు కూడా స్కౌటింగ్ అమెరికా అని మారింది. వాళ్లు మారినంత త్వరగా నేను మారలేదన్నమాట.

ఆ రాత్రి పడుకుంటే మా అమ్మమ్మ గారి కత్తిపీట గుర్తొచ్చింది. నాకు ఎనిమిదేళ్లకే దాని మీద బెండకాయలు తరిగే పని అప్పజెప్పింది. ఒక కాలు పీట మీద వేసి, "చూపు కత్తి మీదే ఉండాలి, మాటలు తర్వాత" అనేది. రెండుసార్లు వేలు తెగింది. పసుపు అద్ది మళ్లీ కూర్చోబెట్టింది. మా ఇళ్లలో ఆడపిల్ల చేతికి కత్తి ఎప్పుడూ కొత్త కాదు. దాన్ని పట్టుకుని గడప దాటడమే కొత్త.

అయితే ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. పెద్దాణ్ణి రంగు మాత్రమే అడగడం కూడా తప్పే. వాడు పన్నెండు పనిముట్లున్న లావుపాటి చాకు చూపించాడు, మేం కొనిచ్చాం. అందులో కత్తెర, స్క్రూడ్రైవర్, డబ్బా మూత తీసేది, అన్నీ ఉన్నాయి. వాడి చేతికి అది పట్టలేదు. బిగుతుగా ఉండి, తెరవబోతే గోరు విరిగింది. మూయబోతే బొటనవేలు తెగింది. ఇప్పుడది సొరుగులో ఉంది. "ఎందుకు" అనే ప్రశ్న ఇద్దరినీ అడగాల్సిందే. కాకపోతే వద్దనడానికి కాదు, సరైనది ఎంచుకోవడానికి.

అందుకని మర్నాడు చిన్నదాన్ని మళ్లీ అడిగాను, ఈసారి గొంతు మార్చి. దారం కోయాలి, పుల్లలు చెక్కాలి, యాపిల్ ముక్కలు చేసుకోవాలి అంది. ఈ మూడు పనులకూ ఒక్క బ్లేడు చాలు.

షాపులో నేను చూసుకున్నవి చెబుతాను, మీకు పనికొస్తాయి.

బ్లేడు రెండున్నర నుంచి మూడు అంగుళాలు ఉంటే చాలు. అంచు రంపంలా పళ్లతో కాకుండా సాదాగా ఉండాలి. పళ్లున్న దానితో పుల్ల చెక్కడం కష్టం, ఇంట్లో సాన పట్టడం ఇంకా కష్టం. పిడి పిల్ల అరచేతిలో నిండుగా కూర్చోవాలి. "పెద్దయ్యాక సరిపోతుందిలే" అని చెప్పుల్లాగా పెద్ద సైజు కొనకండి. మీట నొక్కగానే ఎగిరి తెరుచుకునేవి అసలు వద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, తెరిచిన బ్లేడు వేళ్ల మీదికి మడుచుకోకుండా ఆపే లాక్. కొన్నిటిలో పిడి లోపల రేకు ఒకటి బ్లేడుకి అడ్డంగా నిలబడుతుంది. మూయాలంటే బొటనవేలు బ్లేడు దారిలో పెట్టి ఆ రేకుని పక్కకి నెట్టాలి. మొదటిసారి పట్టుకునే పిల్లలకు అది మంచిది కాదు. కొన్నిటికి పిడి వీపున నొక్కాలి. వేళ్లు దారిలోకి రావు గానీ బలం కావాలి. ఎర్ర పిడి మీద తెల్ల సిలువ గుర్తుతో మనందరం చూసే విక్టోరినాక్స్ స్విస్ చాకుల్లో చిన్న సైజు వాటికి సాధారణంగా లాకే ఉండదు, స్ప్రింగు బిగువు మాత్రమే. చక్కటి చాకులే, కాకపోతే మొన పెట్టి పొడిస్తే మడుచుకుంటుందని పిల్లలకు ముందే చెప్పాలి.

ఆ కంపెనీ గురించి ఓ మాట. 1884లో కార్ల్ ఎల్సెనర్ ఆ పని మొదలుపెట్టాడు. 1909లో వాళ్లమ్మ విక్టోరియా పోయాక ఆమె పేరే సరుకుకి పెట్టుకున్నాడు. 1921లో దానికి తుప్పు పట్టని ఉక్కుని సూచించే 'ఇనాక్స్' చేరి విక్టోరినాక్స్ అయింది. ప్రపంచమంతా మగవాళ్ల జేబుల్లో తిరిగే చాకు మీద ఉన్నది ఒక అమ్మ పేరు. ఇది చెబితే మా చిన్నది నావైపు చూసి నవ్వింది.

మేం చివరికి ఫ్రాన్స్ వాళ్ల ఒపినెల్ తీసుకున్నాం. చెక్క పిడి, దాని మెడ దగ్గర ఒక లోహపు ఉంగరం. ఉంగరం తిప్పితే బ్లేడు బిగుస్తుంది, వేళ్లు దారిలోకి రావు. పిల్లల కోసం చేసిన రకంలో బ్లేడు మొన గుండ్రంగా ఉంటుంది, తుప్పు పట్టని ఉక్కు. చెక్క తడిస్తే ఉబ్బి బిగుస్తుంది కాబట్టి తుడిచి ఆరబెట్టాలి. కొనేముందు షాపులోనే, అక్కడున్న ఆయన్ని అడిగి, పదిసార్లు తెరిపించి మూయించాను. పదిసార్లూ తడబడలేదు.

అప్పుడు అడిగాను, "ఏ రంగు కావాలే?" అని.

"ఎరుపు. గడ్డిలో పడితే కనిపిస్తుంది" అంది.

అమెరికాలో కాకుండా వేరే దేశంలో ఉన్నవాళ్లు ముందు అక్కడి చట్టం చూసుకోండి. బ్రిటన్‌లో ఉన్న అక్కచెల్లెళ్లు మరీ జాగ్రత్త. అక్కడ మూడు అంగుళాలు దాటని, లాక్ లేని మడత చాకే కారణం చూపకుండా బయట దగ్గర ఉంచుకోవచ్చు. లాక్ ఉన్నదైతే తగిన కారణం ఉండాలి.

ఎక్కడున్నా బడికి మాత్రం వెళ్లకూడదు. మాకు తెలిసిన ఒకావిడ కొడుకు క్యాంపు నుంచి ఆదివారం వచ్చి, అదే జాకెట్టు వేసుకుని సోమవారం స్కూలుకి వెళ్లాడు. చాకు జేబులోనే ఉంది. వాడికే గుర్తు లేదు. మధ్యాహ్నానికి ఆఫీసు నుంచి ఫోను, కొన్నాళ్లు స్కూలుకి రావద్దన్నారు. తల్లి వారం రోజులు నిద్రపోలేదు. అందుకని మా ఇంట్లో చాకు స్థానం ఫ్రిజ్ మీద డబ్బా. క్యాంపు నుంచి రాగానే బట్టలు మెషిన్‌లో పడకముందే చాకు డబ్బాలో పడాలి. ఇండియా ప్రయాణంలో అయితే చేతి సంచిలో పెట్టకండి, చెక్-ఇన్ పెట్టెలోనే.

కొనగానే పిల్ల జేబులోకి వెళ్లదు కూడా. ట్రూప్‌లో చాకు, గొడ్డలి, రంపం వాడకం నేర్చుకుని, నియమాలకు ఒప్పుకుంటే టోటిన్ చిప్ అనే కార్డు ఇస్తారు. అది ఉంటేనే అక్కడ చాకు తీయాలి. నియమం తప్పితే కార్డు మూల కత్తిరించే అలవాటు చాలా ట్రూపుల్లో ఉంది. తెరిచే ముందు మూసిన చాకుని చేత్తో చాచి చుట్టూ తిరిగి చూసుకోవాలి, ఆ వలయంలో ఎవరూ ఉండకూడదు. ఒంటికి దూరంగా కోయాలి. మొద్దుబారిన చాకుతో పని చేయకూడదు, బలం పెట్టినప్పుడే జారేది. మా ఊళ్లో సాన పట్టేవాడు వీధిలో అరిస్తే అమ్మమ్మ పరుగెత్తేది ఎందుకో ఇప్పుడు తెలిసింది.

చెక్క మీదికి వెళ్లే ముందు స్నానం సబ్బు మీద సాధన చేయించాను. మొన్న శనివారం వరండాలో కూర్చుని సబ్బుతో చేప చెక్కింది. వీడియో కాల్‌లో మా అత్తగారు చూస్తున్నారు. పని అయ్యాక చాకు మడిచి, పిడి నావైపు పెట్టి చేతికి అందించింది.

"అయ్యో, కత్తి చేతికివ్వకూడదే! కింద పెట్టు, అమ్మ తీసుకుంటుంది" అన్నారు అత్తగారు.

"మూసి ఇస్తున్నా నానమ్మా. అమ్మ థ్యాంక్యూ అనేదాకా నేను వదలను. అది మా రూలు" అంది చిన్నది.

అత్తగారు కాసేపు ఆలోచించి, "అయితే అనవే మరి, పిల్ల ఎంతసేపు పట్టుకుంటుంది" అన్నారు నాతో.

అన్నాను. అది వదిలింది.